ఈలాండుకు పెట్టిన మొక్కు బెల్లం

ఈలాండ్ అంటే ఏమిటో మీకు తెలియకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. అవి మా పార్కుకు వచ్చిన రోజున నాకూ తెలియదు. లారీలోంచి దిగిన ఏడింటినీ చూసి, "ఇవి ఆవులా, జింకలా?" అని డ్రైవరును అడిగినవాడిని నేను. అక్కడ హెడ్ కీపరుగా జీతం తీసుకుంటున్నవాడినీ నేనే.

జంతువుల సంరక్షణ పనిలో కొత్తగా చేరిన మీలో కొందరు, ఏదైనా రాసివ్వమని అడిగారు. ఎలుగుబంటి గోడ దూకిన కథ ఒకటి, పాము బూటులో దూరిన కథ ఒకటి నా దగ్గర ఉన్నాయి కానీ, పెళ్ళిళ్ళలో చెప్పీ చెప్పీ అవి అరిగిపోయాయి. ఇది ఎక్కడా చెప్పనిది. ఇందులో నేను మంచివాడిగా కనిపించను. ఎవరి పేరూ రాయను, పార్కు పేరు కూడా. హనుమకొండ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద, రఘునాథపల్లి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక ప్రైవేటు జంతువుల పార్కు ఉండేదనుకోండి, చాలు.

ఆఫ్రికా నుంచి వచ్చిన జాతులు మూడు ఉండేవి మా దగ్గర. మూడూ గిట్టల జంతువులే. జీబ్రాకు గుర్రం పోలికే కానీ గుర్రానికుండే మర్యాద లేదు. వెనక్కి చూడకుండానే గురిచూసి తన్నుతుంది. వైల్డ్‌బీస్టుకు మావాళ్ళు పెట్టిన పేరు గడ్డం బర్రె. దాని దూడ నేలమీద పడిన కొన్ని నిమిషాలకే లేచి తల్లి వెంట పరుగెడుతుంది. పరుగెత్తకపోతే అక్కడి నేలమీద దానికి రెండో పూట ఉండదు. ఈలాండ్ వీటన్నిటికన్నా పెద్దది. మెడకింద ఆవుకున్నట్టే గంగడోలు వేలాడుతుంది, మూపురం ఉంటుంది, కొమ్ములు మాత్రం మెలితిరిగి వెనక్కి పోతాయి. పోతు నడుస్తుంటే ముందుకాళ్ళలోంచి టక్ టక్‌మని చప్పుడు వస్తుంది, చాలా దూరం వినిపిస్తుంది. అంత బరువు జంతువు మనిషి ఎత్తు కంచెను అవలీలగా దూకేస్తుంది. గడ్డికన్నా ఆకు మీదే దానికి ఇష్టం. నీళ్ళు దొరకని చోట ఆకులోని తడితోనే బతుకుతుంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా దానికి గంగడోలు ఉందని. నేను బర్రెల కొట్టం పక్కన పుట్టినవాడిని, పశువు గురించి నాకు ఒకరు చెప్పేదేమిటని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మొత్తం చెడింది.

మా డాక్టరు హనుమకొండ నుంచి వారానికి రెండు రోజులు వచ్చే చిన్నవయసు అమ్మాయి. వచ్చిన మొదటి వారమే మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి ఒక మాట చెప్పింది.

"అన్నా, మన ఆవుకు జ్వరమొస్తే మూలుగుతది, మేత ముట్టదు, మనకు తెలుస్తది. ఇవి గట్ల చెయ్యవు. వీటి దేశంల కుంటినదాన్ని సింహం ఏరుకుంటది. అందుకే జబ్బును దాచుకుంటయి. అది జబ్బున్నట్టు మీకు కనపడ్డదంటే అప్పటికే ఆలస్యమైనట్టు. రోజూ ఉన్నట్టు లేకపోతే చాలు, నాకు ఫోన్ చెయ్యండి."

నేను తల ఊపాను. తల ఊపడంలో నేను ఎప్పుడూ ముందే.

ఈలాండ్లను చూసుకునేది చాచా. వరంగల్‌లో మండిబజారు వెనక గల్లీలో ఇల్లు. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం దాకా ఉండేవాడు. వయసులో నాకన్నా పెద్ద, ఉద్యోగంలో నాకన్నా కింద, రోజుకూలి. నన్ను "తమ్మీ" అని పిలిచేవాడు. మేనేజరు ఎదుట మాత్రం "సార్" అనేవాడు, అలా అన్నప్పుడల్లా కన్ను గీటేవాడు. తుమ్మకొమ్మ, సుబాబుల్ కొమ్మ, రేగుకొమ్మ కొట్టుకొచ్చి ఏ కొమ్మ ఎవరికి ఇష్టమో తెలిసినట్టు వేరువేరుగా కట్టేవాడు. ఈలాండ్ల దగ్గరికి ఎప్పుడూ ఎదురుగా పోయేవాడు కాదు. పక్కగా, ఏదో వేరే పనిమీద పోతున్నట్టు పోయేవాడు.

"ఎదురుంగ పోతె పులి అనుకుంటది తమ్మీ. పక్కకెళ్ళి పోతె చుట్టం అనుకుంటది," అనేవాడు.

మందలో ఒక ఆడది రెండుసార్లు ఈనింది. రెండుసార్లూ దూడ చచ్చే పుట్టింది. రెండోసారి అది ఆ దూడ దగ్గర రెండురోజులు నిలబడింది. మిగతా ఆడవి వచ్చి దాని చుట్టూ నిలబడ్డాయి. వాటి నేలమీద అంతేనట, ఒకదాని పిల్లను అన్నీ కలిసి కాస్తాయి. సింహం వచ్చినా కొమ్ములు దించి తరుముతాయి. చచ్చిన పిల్లకు కూడా కాపలా కాస్తాయని నేను అనుకోలేదు. ఆ దూడను తీయడానికి మేము పడ్డ పాట్లు చెప్పను. చాచా ఆ రోజు అన్నం తినలేదు.

మూడోసారి అది చూలు కట్టినప్పుడు నేను మేడారం సమ్మక్కకు మొక్కుకున్నాను. ఈసారి పిల్ల బతికితే దాని ఎత్తు బంగారం ఇస్తానని. మా దిక్కు ఆచారం తెలియని వాళ్ళకు చెబుతున్నాను: బంగారమంటే బెల్లం. మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూచి, మేడారం గద్దెల దగ్గర అమ్మలకు ఇస్తాం. అందులోంచే కొంత ప్రసాదంగా తెచ్చుకుని ఇంటింటికీ పంచుతాం. జంతువు పిల్ల ఎత్తు బంగారం ఎవరైనా ఇచ్చారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం అది చాలా న్యాయంగా తోచింది.

పిల్ల బతికే పుట్టింది. జాతరకు సరిగ్గా పదిహేను రోజుల ముందు. ఆడపిల్ల. కళ్ళు ముఖం కన్నా పెద్దవి. ఈలాండ్ పిల్ల వైల్డ్‌బీస్టు దూడలా తల్లి వెంట తిరగదు. పుట్టాక కొన్నాళ్ళు పొదలో మెదలకుండా పడి ఉంటుంది. తల్లి దూరంగా మేస్తూ, పూటపూటకూ వచ్చి పిలిచి, నాకి, పాలిచ్చి పోతుంది. తల్లి పిలిస్తే తప్ప లేవదు. తల్లి అటు మేతకు పోయిన సందు చూసి చాచా పిల్లను ఎత్తుకుని కాటా మీద నిలబడ్డాడు, తర్వాత ఒక్కడే నిలబడ్డాడు. తీసేస్తే ఇరవై ఏడు కిలోలు.

హనుమకొండలో బెల్లం కొట్టాయన తూచుతూ అడిగాడు, "ఎవలి ఎత్తే ఇది?"

"మా పిల్లది."

"పిల్లను తేకపోతివి? తక్కెడల కూసోబెడితె మంచిగుండు."

"తెస్తె నీ కొట్టు తొక్కి పోతది," అన్నాను.

జాతరకు పోయి, శుక్రవారం గద్దెల దగ్గర మొక్కు తీర్చుకుని, ప్రసాదం ఒక సంచీ నిండా తెచ్చుకుని శనివారం పొద్దున డ్యూటీకి వచ్చాను. ఒళ్ళంతా పసుపు, కుంకుమ, దుమ్ము. నిజం చెప్పాలంటే ఆ ఉదయం నేను నా జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాను. అందరికీ తలో ముక్క పంచాను. చాచా రెండు చేతులతో తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఆ తర్వాత కంచె దగ్గరికి పోయి ఆ తల్లికి చెయ్యి చాపాను.

"అరే తమ్మీ, ఏం చేస్తానవ్?" అన్నాడు చాచా.

"దాని మొక్కు చాచా. దాని పిల్ల ఎత్తు. అది తినకుంటె ఎట్ల? మనింట్ల ఈనిన ఆవుకు బెల్లం పెట్టమా?"

"మనింట్ల ఆవుకు జొన్నగటక కూడ పెడతం. ఇది ఆకు తినే జంతువు. మొక్కు నీది తమ్మీ, కడుపు దానిది."

"జరంత పెడితె ఏమైతది?" అన్నాను.

అప్పటిదాకా ఎవరి చేతిలోంచీ ఏమీ తినని జంతువు అది. నిమ్మకాయంత బెల్లాన్ని వాసన చూసింది, నాలుకతో తాకింది. తర్వాత నా అరచెయ్యి మొత్తం నాకింది. ఆ గరుకు నాలుక నా చేతిమీద తగిలినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇంకో ముక్క పెట్టాను. తోటి కీపర్లు ఫోన్లు తీసి ఫొటోలు తీశారు. వాళ్ళూ తెచ్చుకున్నారు కదా ప్రసాదం, వాళ్ళూ పెట్టారు. సంచిలో మిగిలినది కంచె పక్కనున్న కొక్కేనికి తగిలించి నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

ఇప్పుడు అసలు తప్పు. అది శనివారం. జాతర నుంచి హైదరాబాదు వైపు తిరుగు జనం మా ముందునుంచే పోతారు. జీపులు, ఆటోలు, డీసీఎం వ్యాన్లు. పిల్లలకు జీబ్రాను చూపిద్దామని వందలమంది దిగారు. అందరి చేతుల్లోనూ బంగారం మూటలు. కంచె పక్కన సంచి వేలాడుతోంది, కీపర్లు పెడుతున్నారు. వాళ్ళెందుకు ఊరుకుంటారు? "అమ్మ బంగారం, నోరులేని జీవానికి పెడితే పుణ్యం" అని ఒక ముసలామె నా మొహంలో మొహం పెట్టి అడిగింది. కాదనడానికి నాకు నోరు రాలేదు.

"కొంచెమే పెట్టండి అమ్మా," అన్నాను.

ఆ రోజంతా వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాను. కొంచెమే పెట్టండి. అందరూ బుద్ధిగా కొంచెమే పెట్టారు. మిగతా ఈలాండ్లు జనాన్ని చూసి బెదిరి వెనక్కి పోయాయి. పాలిచ్చే తల్లి కదా, ఆకలి మీద ఉంది, అదొక్కటే కంచె వదలలేదు. చాచా అటునుంచి జనాన్ని నెట్టుతుంటే, "నీదేం పోయింది ముసలాయనా?" అని ఎవరో అన్నారు. ఆయన నా వైపు చూశాడు. నేను టికెట్ల దగ్గర గొడవ తీర్చడానికి పోతున్నట్టు అటు తిరిగాను.

ఆదివారం పొద్దున చాచా గేటు దగ్గరే నన్ను ఆపాడు.

"తమ్మీ, అది నెమరు వేస్తలేదు. పేడ నీళ్ళలెక్క ఉన్నది, పుల్లటి వాసనొస్తాంది. డాక్టర్ మేడంకు ఫోన్ చెయ్యి."

పోయి చూశాను. నిలబడే ఉంది. తల ఎత్తే ఉంది. చెవులు ఆడిస్తోంది. పిల్ల దగ్గరికి పోయి పాలు కూడా ఇచ్చింది. "మంచిగనే ఉన్నది గదా చాచా. రేపు సోమవారం మేడం ఎట్లయినా వస్తది," అన్నాను. రోజువారీ షీటులో ఆ తల్లి పేరెదురుగా 'నార్మల్' అని రాశాను. ఆ జంతువు నేర్చుకున్నదే జబ్బును దాచుకోవడం. అది దాచింది. నేనూ దాచాను. దానికి సింహం భయం, నాకు మేనేజరు భయం.

సోమవారం పొద్దున అది కూర్చుని ఉంది. లేపితే లేచింది, రెండడుగులు వేసి మళ్ళీ కూలబడింది. మిగతా ఆడవి దూరంగా వలయంలా నిలబడి ఉన్నాయి.

డాక్టరు బ్యాగు కిందపెట్టకముందే అడిగింది, "మేతల ఏమన్న మార్పు ఉన్నదా అన్నా?"

"ఏం లేదు మేడం. రోజు పెట్టేదే."

ఈ మాట నేను ఎందుకన్నానో మీకు చెప్పాలి. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటి ఉంది. బెల్లం అంటే, సమ్మక్క బంగారం తిని జంతువు చచ్చిందంటారు, అమ్మకు మాట వస్తుంది, అమ్మ పేరు కాపాడుతున్నానని. అమ్మకు నా కాపలా ఎందుకు? నేను కాపాడుకున్నది హెడ్ కీపరు కుర్చీని. అందుకు అమ్మ పేరు వాడుకున్నాను. ఈ పాపం బెల్లం పెట్టినదానికన్నా పెద్దదని ఇప్పుడు అనుకుంటాను.

ఈని మూడు వారాలైనా కాలేదు కాబట్టి, పాలిచ్చి పాలిచ్చి ఒంట్లో కాల్షియం పడిపోయిందని డాక్టరు అనుకుంది. నా మాటను నమ్మి చేసిన వైద్యం అది. మత్తు కొద్దిగా ఇచ్చి, మెడ నరానికి సూది పెట్టి కాల్షియం ఎక్కించింది. గంట చూసింది. ఇంకో గంట చూసింది. చాచా దాని తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. మా కళ్ళు ఒకసారి కలిశాయి. ఆయన చూపు దించుకోలేదు. నేను సీసాలో చుక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాను.

మధ్యాహ్నానికి ఊపిరి వేగమైంది. కళ్ళు లోపలికి పోయాయి. డాక్టరు గొట్టం వేసి కడుపులోని నీళ్ళు కొద్దిగా బయటికి లాగింది. పుల్లటి కంపు. వేలితో తీసి కాగితం మీద పరీక్షించి, తలెత్తి మా అందర్నీ చూసింది.

"తీపి ఏదో తిన్నది ఇది. మస్తు తిన్నది. ఎవరు పెట్టిన్రు?"

అప్పటికి మేనేజరు కూడా వచ్చి నిలబడి ఉన్నాడు.

"బెల్లం తిన్నది మేడం," అన్నాడు చాచా. "శనివారం. నేను చూసిన. ఆపలేకపోయిన."

డాక్టరు ముఖంలో కోపం కన్నా వేరేదేదో కనిపించింది. "పొద్దున్నే చెప్తె కడుపు కడుగుతుంటి కదా," అంది. ఆ తర్వాత ఆగకుండా పనిచేసింది. గొట్టం, సోడా నీళ్ళు, సెలైన్ మీద సెలైన్. ఆకును మెల్లగా పులియబెట్టుకునే కుండలాంటిది ఆ కడుపు. అందులో అంత బెల్లం పడితే పులుపు హద్దుమీరి నెత్తురుకెక్కుతుంది. ఎక్కిన తర్వాత ఎవరి చేతిలోనూ ఉండదు. ఎండ తిరిగే వేళకు అది పొదవైపు తల తిప్పి ఒకసారి పిలిచింది. పొదలోంచి పిల్ల లేచి నిలబడింది, తల్లి పిలిచింది కదా. కానీ ఇంతమంది మనుషుల మధ్యకు రాలేక అక్కడే నిలబడింది. తల్లి ఇంకోసారి పిలవలేదు.

మేనేజరు అప్పుడే, అక్కడే తీర్పు చెప్పాడు. "సెక్షన్ ఎవలది? నీది. చూసిన అంటున్నవ్. చూసి ఆపనోనిదే తప్పు. రేపటిసంది రాకు."

చాచా లేచాడు. లుంగీకి అంటిన మట్టి దులుపుకున్నాడు. పెట్టింది ఇతనని నన్ను చూపించలేదు, నువ్వు చెప్పు అని నాతోనూ అనలేదు. ఆయన నా పక్కనుంచి పోతుంటే నా నోట్లో మాట తయారుగానే ఉంది. గేటు చప్పుడు వినిపించేదాకా తయారుగానే ఉంది.

తర్వాతి రెండు రోజులు పిల్ల పాలు ముట్టలేదు. ఈలాండ్ పాలు చిక్కన, అందుకని డాక్టరు మేకపాలలో ఏవో కలిపి సీసా పట్టించమంది. నేను ఎటునుంచి పోయినా పిల్ల నేలకు అతుక్కుని కళ్ళు మూసుకునేది. బలవంతంగా నోరు తెరిచి పోస్తే పక్కనుంచి కారిపోయేది. మిగతా తల్లులు దాని చుట్టూ కాపలా నిలబడ్డాయి కానీ పాలు మాత్రం ఇవ్వలేదు. బుధవారం డాక్టరు దాన్ని చూసి, "రేపటిదాక చూద్దాం అన్నా," అంది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే మండిబజారు పోయాను. చాచీ తలుపు తీసి, నన్ను చూసి, పక్కకు తప్పుకుంది. చాచా లోపల కొడవలి సానపెట్టుకుంటున్నాడు. నేను కూర్చోలేదు.

"చాచా, మేనేజర్‌కు ఇయ్యాలనే చెప్తా. పెట్టింది నేనే అని చెప్తా."

ఆయన కొడవలి పక్కన పెట్టాడు. "పిల్ల తాగుతాందా?"

"తాగుతలేదు."

అప్పుడు ఆయనకు నిజంగా కోపం వచ్చింది. అంత కోపం ఆయన ముఖంలో నేను అంతకు ముందు చూడలేదు.

"గది ఫస్టు చెప్పవేంది? అది దాక్కునే పిల్ల. నువ్వు పోయి మీదపడితె నక్క వచ్చిందనుకుంటది. తల్లి పడుకున్న కాడి గడ్డి తీసుకపో. చేతులకు, చొక్కాకు, సీసకు రుద్దు. గోనెసంచి కంచెకు కట్టి, దాని బొక్కలకెళ్ళి సీస పీక అవతలికి పెట్టు. నువ్వు సంచెనక ఉండు, కనపడకు. తల్లి లెక్క గొంతుల పిలువు. వస్తది. వచ్చినంక సంచి పక్కకెళ్ళి చెయ్యి పెట్టి తడిబట్టతోని తోక కింద రుద్దు. తల్లి నాకుతనే పిల్ల తాగుతది, ఉత్తగ తాగది."

నేను వెనక్కి తిరగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇగో, మేనేజర్‌కు ఇయ్యాల చెప్పకు. చెప్తె నిన్ను గూడ తీసేస్తడు. ఇద్దరం బయటుంటె దానికి ఎవలు తాపుతరు? ముందుగాల పిల్లను తాగనియ్యి తమ్మీ. తాగినంక చెప్పు."

గురువారం ఉదయం ఆయన చెప్పినట్టే చేశాను. గోనెసంచి వెనక మోకాళ్ళమీద కూర్చుని, సిగ్గు విడిచి, ఆ తల్లి గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని పిలిచాను. చాలాసేపటి దాకా ఏమీ లేదు. తర్వాత సీసా నా చేతిలో కదిలింది. పిల్ల పీక పట్టి గుంజుతోంది. తడిబట్టతో రుద్దాను. సీసా మొత్తం తాగింది. నేను సంచి వెనక నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను, చప్పుడైతే పారిపోతుందని.

ఆ రోజు చెప్పలేదు. ఇంకో నాలుగు రోజులు తాగనీ, కుదురుకోనీ అనుకున్నాను. తర్వాత ఆకు కొరకనీ అనుకున్నాను. తర్వాత మందలో కలవనీ అనుకున్నాను. కలిసింది. ఆ తర్వాత నా కూతురి డిగ్రీ పూర్తి కానీ అనుకున్నాను. దానికీ పిల్లకూ సంబంధమేమిటని నన్ను నేను అడగలేదు. చాచా ఆ ఏడు మేకల మండీలో ఆకు అమ్ముతున్నాడని విన్నాను. అటు పోవాల్సి వస్తే వేరే గల్లీలోంచి పోయాను. మధ్యలో రెండు జాతరలు వచ్చిపోయాయి. నేను దేనికీ పోలేదు.

రిటైరైన రోజున మేనేజరు నాకు శాలువా కప్పాడు. తల్లిలేని ఈలాండ్ పిల్లను బతికించిన కీపరు అని మైకులో చెప్పాడు. అప్పటికి ఆ పిల్ల తనే ఒక పిల్లకు తల్లి. పిల్ల పాలు తాగనప్పుడు ఆ ఉపాయం ఎట్లా తట్టిందని ఎవరో అడిగారు.

"అనుభవం," అన్నాను.

చప్పట్లు కొట్టారు. శాలువా భుజం మీద అలాగే ఉంది. సభ అయ్యాక మేనేజరు వెంట ఆయన గదికి వెళ్ళి తలుపు వేసి మొత్తం చెప్పాను. బెల్లం, సంచి, షీటులో రాసింది, డాక్టరుకు చెప్పిన అబద్ధం, అన్నీ. ఆయన గడియారం చూసుకుంటూ విన్నాడు. "ఏ చాచా?" అన్నాడు. గుర్తు చేశాను. "ఓ, గాయనా. ఇప్పుడెందుకన్నా గవన్నీ? సంతోషంగ పో ఇంటికి," అన్నాడు.

మర్నాడు పొద్దున మండిబజారు వెనక గల్లీకి పోయాను. చాచా గడప మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది. గొంతుతో గుర్తుపట్టి పక్కన జాగా చూపించాడు. చాచీ చాయ్ తెచ్చింది. తాగకుండానే చెప్పాను.

"చాచా, మేనేజర్‌కు చెప్పిన. పెట్టింది నేనే అని."

"ఎప్పుడు చెప్పినవ్?"

"నిన్న."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు. వెక్కిరింత లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"అంటె నిన్నటిదాంక ఆ పిల్ల తాగలేదా తమ్మీ?"

"తాగింది చాచా," అన్నాను. "ఆ గురువారమే తాగింది."